కొచ్చి గేటు దగ్గర అల్లుడి మర్యాద

మా కోనసీమలో కాలికి తగిలే గుండ్రటి వస్తువు కొబ్బరికాయ ఒక్కటే. దాన్ని ఎగిరి తన్నిన వాడెవడూ రెండోసారి తన్నలేదు. అందుకే ఫుట్‌బాల్ మా వైపు రాలేదు. వాలీబాల్ ఉంది, కబడ్డీ ఉంది, క్రికెట్ అయితే కొబ్బరి మట్టని బ్యాటుగా చెక్కుకుని నడక రాని పిల్లాడి దగ్గర్నుంచీ నడవలేని ముసలాయన దాకా ఆడతారు. ఫుట్‌బాల్ మాత్రం మా ఊళ్ళోకి ఒకే ఒక్క మనిషి వెంట వచ్చింది. ఆయన మా ఆవిడకి అన్నగారు, నాకు బావగారు.

బావగారు కువైట్‌లో ఒక కంపెనీలో ఏసీలు బాగుచేస్తారు. మీసాలు సరిగా రాకముందు వెళ్ళారు, ఇప్పుడు అవి నెరిశాయి. అక్కడ గదిలో ఆయన తప్ప మిగిలిన వాళ్ళంతా మలయాళీలు. వాళ్ళతో ఉండి ఉండి ఆయనకి మలయాళం వచ్చింది, కొబ్బరినూనెతో చేసిన కూర తినడం వచ్చింది, కొచ్చిలో ఆడే పసుపు చొక్కాల జట్టు మీద పిచ్చీ వచ్చింది. మొదటి రెండూ సెలవులకి ఇంటికొస్తే తగ్గేవి. మూడోది తగ్గలేదు. జట్టు ఓడిపోయిన రోజున కువైట్ నుంచి మా ఆవిడకి ఫోన్ చేసి బావురుమనేవారు. ఎవరు పోయారో అని ఈవిడా బావురుమనేది. ఈవిడ ఏడుపు విని పక్కింటివాళ్ళు వచ్చేవారు. పోయింది ఎవరో ముక్కూ మొహం తెలియని జట్టు పరువని తెలిసేసరికి మా వాకిట్లో సగం వీధి ఉండేది, అందరికీ టీలు పెట్టాల్సి వచ్చేది.

ఆయన కోరిక ఒక్కటే. ఆ జట్టు ఆడుతుండగా ఒక్కసారి కళ్ళారా చూడాలి. అరచేతిలో ఫోన్ మీద కాదు, ఎదురుగా, గడ్డి పచ్చదనం కనిపించేంత దగ్గర్లో. ఇదేమంత గొంతెమ్మ కోరిక కాదు. కానీ ఆయన కంపెనీ సెలవు ఎప్పుడూ ఎండాకాలంలోనే ఇచ్చేది, ఎండాకాలంలో ఆ జట్టు ఆడదు. ఈయన ఇక్కడ విమానం దిగితే వాళ్ళు బూట్లు విప్పేవారు, ఈయన మళ్ళీ ఎక్కితే వాళ్ళు తొడుక్కునేవారు. ఇన్నేళ్ళూ ఇదే వరస. జట్టు కావాలనే ఈయన్ని తప్పించుకు తిరుగుతోందని నాకు అనుమానం కూడా వచ్చింది.

మొన్నటి చలికాలంలో వాళ్ళ సైటులో పని ఏదో ఆగిపోయి, అడగకుండానే సెలవు వచ్చిపడింది. బావగారు ముందు సెలవు సంగతి చూడలేదు, మ్యాచి ఎప్పుడో చూశారు. తిరుగు ప్రయాణం హైదరాబాదు నుంచి మానేసి కొచ్చి నుంచి పెట్టుకున్నారు. ఆదివారం సాయంత్రం మ్యాచి, సోమవారం పొద్దున విమానం. స్టేడియానికి రెండు టిక్కెట్లు తీసి ఒకటి నా చేతిలో పెట్టారు.

"మళ్ళీ ఇలా కుదరడం నా ఉద్యోగంలో ఉండదు బావగారూ. మీరు రావాలండి."

"నాకు ఫుట్‌బాల్ గురించి ఏం తెలుసండి?"

"మీకు తెలియక్కర్లేదండి. పక్కన మనవాళ్ళొకరు ఉండాలి. గోల్ పడితే నేనెవర్ని పట్టుకుంటానండి?"

ఆ మాటకి కాదనలేకపోయాను.

మా వైపు గల్ఫ్ వెళ్ళే మనిషిని ఒంటరిగా పంపడం ఆనవాయితీ కాదు. హైదరాబాదు అయితే వ్యాను నిండా జనం దిగబెట్టడానికి వెళతారు. విమానాశ్రయం గుమ్మం దగ్గర మావాళ్ళు ఏడుస్తుంటే మిగతా దేశాలవాళ్ళు విమానం కూలిందేమోనని కంగారుపడతారు. కొచ్చి దూరం కనక అందరూ వెనక్కి తగ్గారు. అత్తయ్యగారు, అంటే బావగారి అమ్మగారు, ఒక్కరే తగ్గలేదు. తెల్లచీర, గొడుగు, చేతిసంచి, అందులో బైబిలు, దూరపు చూపు కళ్ళద్దాలు, జిందాతిలిస్మాత్ సీసా. ఆవిడకి ఇదే ప్రయాణం సామాను. బావగారికి మాత్రం భుజాన సంచి కాక ఒక అట్టపెట్టె. దాన్ని ఊరికే అట్టపెట్టె అంటే దానికి చిన్నతనం. గుమ్మంలోంచి బయటికి తేవడానికి తలుపు రెక్క ఊడదీశాం. లోపల ఆవకాయ, ఎండు రొయ్యలు, సున్నుండలు, పూతరేకులు. రొయ్యల చెరువు దగ్గర వాడే నైలాన్ తాడుతో దానికి ఏనుగుని కట్టినట్టు కట్టారు.

బయలుదేరేముందు పాస్టరుగారొచ్చి ప్రార్థన చేశారు. బావగారు ఆయన చెవిలో ఏదో చెప్పారు. "ప్రభువా, ఆ పసుపు చొక్కాలు తొడుక్కునే బిడ్డల కాళ్ళకి కూడా బలం ఇవ్వు తండ్రీ" అని పాస్టరుగారు కలిపారు. అందరం గట్టిగా ఆమెన్ అన్నాం. అవతలి జట్టు తరఫున ఎక్కడో ఎవరో ప్రార్థన చేస్తూ ఉంటారని అప్పుడు మాకు తోచలేదు.

అనుకున్నదేమిటంటే, ఆదివారం పొద్దున్నే కొచ్చిలో దిగుతాం, లాడ్జిలో గది తీసుకుంటాం, అత్తయ్యగారినీ అట్టపెట్టెనీ గదిలో ఉంచి సాయంత్రం మేమిద్దరం మ్యాచికి వెళతాం. రాజమండ్రి వెళ్ళి రైలెక్కాం. అమలాపురానికి రైలొస్తుందని మా తాతగారి హయాం నుంచీ చెబుతున్నారు కనక ఆలస్యమంటే మాకు కొత్త కాదు. కానీ ఈ రైలు అరవదేశం దాటాక ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగి, దానితో కష్టసుఖాలు మాట్లాడుకుని గాని కదల్లేదు. బావగారు పొద్దున్న కూర్చునే ఉన్నారు, మధ్యాహ్నానికి నిలబడ్డారు, ఆ తరవాత తలుపు దగ్గరికి వెళ్ళి రైలుని ముందుకు తోస్తున్నట్టు ఊచలు పట్టుకున్నారు.

మేం దిగేసరికి మ్యాచికి గంట కూడా లేదు. లాడ్జి విమానాశ్రయం వైపు ఉంది, స్టేడియం ఇటు ఉంది. స్టేషన్లో సామాను దాచే గదికి పరిగెత్తాం. తాళం వేసిన పెట్టెలే పెట్టుకుంటాం, తాడు కట్టినవి పెట్టుకోం, అన్నాడు అక్కడాయన. ఎండు రొయ్యల వాసన మీద కూడా ఒక మాట అన్నాడు గాని బావగారు నాకు తర్జుమా చెయ్యలేదు. దాంతో అత్తయ్యగారినీ అట్టపెట్టెనీ ఆటోలో పెట్టుకుని, మిగిలిన చోట మేం వేలాడుతూ, తిన్నగా స్టేడియానికి వెళ్ళాం.

అక్కడ ఎటు చూసినా పసుపు చొక్కాలే. ఒక జిల్లా పసుపు పంటంతా తెచ్చి రోడ్డు మీద ఆరబోసినట్టుంది. డప్పులు, బూరలు, మొహాలకి రంగులు. బావగారు సంచిలోంచి తన పసుపు చొక్కా తీసి తొడుక్కున్నారు. కువైట్‌లో ఎన్నోసార్లు ఉతికి ఉతికి అది నిమ్మపండు రంగుకి వచ్చింది. దాన్ని తొడుక్కుని ఆయన గేటు వైపు చూసినట్టు, పెళ్ళినాడు తన భార్య, మా చెల్లెమ్మగారి వైపు కూడా చూసి ఉండరు.

గేటు దగ్గర కాపలా మనిషి అట్టపెట్టెని చూసి, ఇది లోపలికి రాదన్నాడు. అది మాకూ తెలుసు. అత్తయ్యగారు రోడ్డు పక్క గోడవార అట్టపెట్టె మీద కూర్చుని, "మీరిద్దరూ వెళ్ళి రండి. నేనిక్కడే ఉంటాను, నాకేం భయం?" అన్నారు. భాష రాని ఊళ్ళో, ఆ జనంలో, ఆ వయసావిణ్ణి ఒక్కర్తినీ ఎలా వదులుతాం?

"నేనుంటానండి. మీరెళ్ళండి బావగారూ" అన్నాను.

నేను ఏదో బూతు మాట అన్నట్టు అత్తయ్యగారు లేచి నిలబడ్డారు.

"ఇంటల్లుడుగారు రోడ్డు మీద పెట్టెకి కాపలా ఉండడం, నా కొడుకు లోపలికెళ్ళి ఆట చూడ్డమాండీ? పైనుంచి మీ మావగారు చూస్తే ఏమనుకుంటారు? వాణ్ణి కాదు, నన్నంటారు, నీ పెంపకం ఇదా అని. ఒరే, నువ్వుండు. అల్లుడుగారు వెళతారు."

"అత్తయ్యగారూ, నాకు ఆ ఆటలో ఓనమాలు రావండి!"

"రాకపోతే ఏమండి? కుర్చీలో కూర్చోడానికి ఓనమాలెందుకు?"

బావగారైనా నా పక్క మాట్లాడతారనుకున్నాను. ఆయనా ఆ ఇంట్లో పుట్టినవారే. మొహం చూస్తే ప్రాణం గేటు లోపలికి వెళ్ళిపోయి ఉంది, నోరు మాత్రం, "అమ్మ చెప్పింది నిజమేనండి. మీరెళ్ళండి" అంటోంది.

"మీరెళ్ళండి."

"అబ్బే, మీరెళ్ళాలండి."

"మీ జట్టండి అది!"

"మా బావగారండి మీరు!"

లోపల డప్పులు జోరందుకున్నాయి. జనం పల్చబడుతున్నారు. ఇంకాసేపు ఇలాగే మర్యాదలు చేసుకుంటే ఇద్దరం బయటే ఉండిపోతాం. అప్పుడు బావగారికి మెరుపులా ఉపాయం తట్టింది. మా ఇళ్ళల్లో పెళ్ళయినా, మరే శుభకార్యమయినా మొదటి పంక్తిలో అల్లుళ్ళు కూర్చుంటారు. కొడుకులు వడ్డించి రెండో పంక్తిలో తింటారు. ఎవరికీ లోటుండదు.

"ఆటకి రెండు సగాలండి. మధ్యలో విరామం ఉంటుంది. మొదటి సగం మీరు చూసి వచ్చెయ్యండి. రెండో సగానికి నేనెళతాను. ఎవరి టిక్కెట్టు వారి దగ్గరే ఉంది కదా!"

ఇంత సులువైన దారి కనిపించనందుకు ముగ్గురం నవ్వుకున్నాం. "ఆయ్, అదీ పద్ధతి" అన్నారు అత్తయ్యగారు. నేను లోపలికి వెళ్ళాను.

మొదటి సగం గురించి నేను చెప్పగలిగేది తక్కువ. వేలమంది ఒక్కసారి లేచేవారు, నేనూ లేచేవాణ్ణి. పక్కాయన మలయాళంలో నాకు ఆట వివరిస్తుంటే నేను "ఆయ్, ఆయ్" అన్నాను, ఆయన ఎంతో సంతోషించి మెడలో తన పసుపు కండువా తీసి నాకు వేశారు. గీత పక్కన నిలబడ్డ ఒక మనిషి జెండా ఎత్తినప్పుడల్లా అందరూ ఆయన్ని తిట్టారు. ఆయన చేసిన పాపమేమిటో తెలియకపోయినా నేనూ తెలుగులో నాలుగు తగిలించాను. వేరుశనగ కాయలు తిన్నాను. విరామం ఈల పడగానే, వడ్డన బాగుందని చెప్పి విస్తరి ముందునుంచి లేచినవాడిలా గేటు దగ్గరికి వచ్చాను.

గేటు వేసి ఉంది. ఊచలకి అవతల బావగారు టిక్కెట్టు పట్టుకుని నిలబడి ఉన్నారు. కాపలా మనిషితో మలయాళంలో మాట్లాడుతున్నారు. ముందు మామూలుగా, తరవాత చేతులు తిప్పుతూ, తరవాత చేతులు జోడించి.

"ఏమంటున్నాడండి?"

"ఆట మొదలైన కాసేపటికి గేటు మూసేస్తారటండి. లోపలివాళ్ళు బయటికి రావచ్చట, బయటివాళ్ళు లోపలికి వెళ్ళకూడదట."

"మీ దగ్గర టిక్కెట్టుందిగా?"

"టిక్కెట్టున్నా అంతేనటండి."

కాపలా మనిషి గోడ మీద ఒక బోర్డు చూపించాడు. మా అట్టపెట్టె మూత కన్నా పెద్ద బోర్డు. ఇంగ్లీషులో, మలయాళంలో ఆ మాటే రాసి ఉంది. ఇందాక మేం మర్యాదలు చేసుకున్నంతసేపూ సరిగ్గా దాని కిందే నిలబడ్డాం. అత్తయ్యగారు ఎండ తగులుతోందని తన గొడుగుని ఆ బోర్డు మేకుకే తగిలించారు.

అత్తయ్యగారు ఊరుకోలేదు. నైలాన్ తాడు పక్కకి జరిపి, అట్టపెట్టె మూలలోంచి పూతరేకుల పొట్లం లాగి, కాపలా మనిషి చేతిలో పెట్టారు. "తిను బాబూ. మా అబ్బాయి ఎడారిలోంచి వచ్చేడు. రేపు మళ్ళీ పోతాడు. ఒక్కసారి తలుపు తియ్యి" అన్నారు. అతనికి తెలుగు రాదు, కానీ అంతా అర్థమయినట్టే చూశాడు. ఒక పూతరేకు తిన్నాడు. నోట్లో కరిగిపోయేసరికి కళ్ళు పెద్దవయ్యాయి. దండం పెట్టి ఏదో అన్నాడు.

"ఏమన్నాడ్రా?"

"చాలా బావుందన్నాడమ్మా. గేటు తీస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు."

ఎవర్ని తిట్టాలి? రైలునా, అట్టపెట్టెనా, పైనుంచి చూస్తున్న మావగారినా? అతన్నయితే తిట్టడానికి నోరు రాలేదు. మా ఇంటి పూతరేకు తిన్న మనిషి.

"నేను బయటికొచ్చేస్తానండి" అన్నాను.

"వద్దండి!" బావగారు ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకున్నారు. "మీరొస్తే ఇద్దరికీ పోతుంది. వెళ్ళి కూర్చోండి. నా బదులు చూడండి. అన్నీ చూడండి, ఏదీ వదలకండి. తరవాత నాకు చెబుదురుగాని. చెప్పడంలో మీ అంతటి వారు లేరు కదండీ."

రెండో సగం ఈల పడింది. వెనక్కి పరిగెత్తాను.

అంత శ్రద్ధగా నా జీవితంలో దేన్నీ చూడలేదు. పదో తరగతి పరీక్ష కాగితాన్ని కూడా అలా చూడలేదు. రెప్ప వేస్తే బావగారి సొత్తు ఏదో జారిపోతుందన్నట్టు కూర్చున్నాను. పసుపు చొక్కాల మీద నంబర్లు బట్టీపట్టాను. ఎవరు ఎటు పరిగెత్తారో, ఎవరు పడ్డారో, పడి ఎవరు ఊరికే మూలిగారో గుర్తుపెట్టుకున్నాను. చూస్తున్నకొద్దీ నాకు భయం పట్టుకుంది. ఇవన్నీ నా కళ్ళకి కాళ్ళు, గడ్డి, పరుగు. ఇక్కడే బావగారు కూర్చుంటే ఇందులో ఏం చూసేవారో నాకు తెలియదు. చూపు లేనివాడికి ఇంకొకరి కళ్ళజోడు పెట్టి పొమ్మన్నట్టుంది నా పని.

ఆట అయిపోవస్తోంది. ఒక పసుపు చొక్కా బంతితో నా వైపే వస్తోంది. చుట్టూ గొడవంతా ఒక్కసారిగా ఆగింది. నేను ముందుకి వంగాను. సరిగ్గా అప్పుడు నా ముందు వరసలో ఒకాయన లేచి నిలబడ్డాడు. మనిషి కాదు, మా ఊరి తుఫాను షెల్టరు. ఎడమపక్కకి వంగాను, ఆయనా వంగాడు. కుడిపక్కకి వంగాను, ఆయన చేతులు ఎత్తాడు. తరవాత భూమి బద్దలయినట్టు కేక. డప్పులు, బూరలు, పక్కాయన నన్ను ఎత్తి దింపాడు. గోల్ పడింది. ఆ ఒక్క గోలుతోనే జట్టు గెలిచింది కూడా. నేను చూసింది మాత్రం ఒక వీపు.

బయటికి వచ్చేసరికి ఇంకా మసక వెలుతురుంది. జనం మా అట్టపెట్టెకి రెండువైపులా కాలవ నీళ్ళలా పారుతున్నారు. అత్తయ్యగారు పెట్టె మీద, బావగారు పక్కన నేల మీద. నన్ను చూడగానే లేచారు.

"గోల్ ఎటువైపు నుంచి పడిందండి?"

దారంతా ఏం చెప్పాలో అల్లుకుంటూనే వచ్చాను. గుప్పెడంత చేపని పడవంత చేసి చెప్పిన నోరు నాది, గోల్ కల్పించడం ఎంతలో పని? కానీ ఆయన మొహం చూశాక అల్లుకున్నదంతా విడిపోయింది.

"ముందు ఒకాయన లేచేడు బావగారూ. నాకు కనబడలేదండి."

ఆయన నా మెడలో కండువా సరిచేశారు.

"పోనీలెండి. నేను విన్నాను."

"ఫోన్లో పెట్టుకుని చూడాల్సిందండీ, ఇక్కడ కూర్చుని."

"గోడ ఇవతల కూర్చుని ఫోన్లో చూస్తే ఇక కువైటేం తప్పు చేసిందండి? విన్నానండి. కేకకి ముందు ఒక్క క్షణం అంతా ఆగిపోయింది. డప్పులు కూడా. అది ఎప్పుడూ ఫోన్లో రాలేదండి." ఆయన గేటు వైపు తిరిగారు. "గోల్ పడగానే అమ్మని పట్టుకున్నాను. అమ్మకి ఏమైందో అర్థం కాక స్తోత్రం అంది."

"మరేం అంటాను? పెట్టెతో సహా ఊపేసేడండి" అన్నారు అత్తయ్యగారు.

ఇంతలో కాపలా మనిషి పరుగున వచ్చి బావగారితో ఏదో చెప్పాడు. ఆటగాళ్ళ బస్సు ఈ గేటులోంచే వెళుతుందట, ఇక్కడే ఉండమన్నాడు. అతను చెయ్యగలిగింది అదొక్కటే. చేశాడు. బావగారు చొక్కా లాక్కుని సర్దుకున్నారు. జుట్టు దువ్వుకున్నారు. అట్టపెట్టెని అవతలకి నెట్టి, అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని రోడ్డు అంచుకి వచ్చి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. దేవుడా, కనీసం ఒక్క మొహం, అనుకున్నాను.

బస్సు వచ్చింది. పెద్ద బస్సు, పసుపు రంగు, పొడుగునా నల్లటి అద్దాలు. ఆ నలుపులో వీధిదీపాలు, మా ముగ్గురి మొహాలూ తప్ప మరేం లేదు. బావగారు రెండు చేతులూ ఎత్తి ఊపారు. అది మలుపు తిరిగి కనపడకుండా పోయాక కూడా ఊపుతూనే ఉన్నారు.

"మూడో కిటికీలోంచి ఒకాయన చెయ్యూపేరు. చూసేరా బావగారూ?"

నాకు నల్లటి అద్దం తప్ప ఏమీ కనబడలేదు. అవునండీ అందామని నోరు తెరిచాను గాని, ఇందాక లేదని చెప్పిన నోటితో ఆ మాట రాలేదు.

"నాకు కనబడిందిరా" అన్నారు అత్తయ్యగారు. "ఎంత బాగా ఊపేడో!"

ఆవిడ కళ్ళద్దాలు చేతిసంచిలో బైబిలు పక్కన మడిచి ఉన్నాయి.